మా అమ్మాయి వివరాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?

కూతురికి సంబంధాలు చూస్తున్న ఒక తల్లిని ఊహించుకోండి. ఆమె ఒక వివాహ సంస్థ కార్యాలయానికి వెళ్లి, అమ్మాయి బయోడేటా, రెండు ఫోటోలు, ఆధార్ ప్రతి ఇచ్చి, రుసుము చెల్లించి వచ్చింది. కొన్ని నెలలకు బంధువుల ద్వారా వచ్చిన మరో సంబంధం కుదిరి నికాహ్ జరిగిపోయింది. అయినా తెలియని నంబర్ల నుంచి ఫోన్లు ఆగలేదు. "మీ అమ్మాయి ఫోటో చూశాం, మాట్లాడుకుందామా?" అని అడుగుతున్నారు. కొత్తగా అత్తవారింట అడుగుపెట్టిన అమ్మాయికి ఇది ఎంత మనోవేదనో వేరే చెప్పనవసరం లేదు. సంస్థకు వెళ్లి అడిగితే, "మా దగ్గర ఏమీ లేదమ్మా, ఎప్పుడో తీసేశాం" అన్న ఒక్క మాటతో పంపించివేశారు.

ఇలాంటి కుటుంబం అడగవలసినవి మూడు ప్రశ్నలు. మా వివరాలు మీ దగ్గర ఏమేమి ఉన్నాయి? వాటితో ఏమి చేస్తున్నారు? ఎవరెవరికి ఇచ్చారు? ఈ ప్రశ్నలకు సమాధానం పొందడాన్ని మన దేశ చట్టం హక్కుగా గుర్తించింది.

హక్కుకు పునాది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు సిద్ధపడేందుకు 18 నెలల గడువు ఇచ్చినందున, ప్రజల హక్కులకు సంబంధించిన ముఖ్యమైన భాగాలు 2027 మే నాటికి అమలులోకి రావలసి ఉంది.

ఇతరుల వివరాలను సేకరించి వాడే సంస్థను ఈ చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అని పిలుస్తుంది. పరుల సొత్తును నమ్మకంతో అప్పగించగా దాన్ని కాపాడే బాధ్యత గలవాడని ఆ మాటకు అర్థం. మన ఇళ్లలో దీన్నే అమానతు అంటాం. అమానతు పెట్టిన మనిషి వచ్చి "నా వస్తువు చూపించు" అంటే చూపించవలసిందే కదా! చట్టంలోని 11వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే. సమ్మతితో వివరాలు ఇచ్చిన వ్యక్తి అడిగినప్పుడు, ఏ వివరాలు ఉన్నాయో, వాటిని ఎలా వాడుతున్నారో సారాంశం ఇవ్వాలి. వాటిని ఏయే సంస్థలతో పంచుకున్నారో కూడా తెలపాలి. తప్పులు దిద్దమని, అవసరం తీరిన వివరాలు తొలగించమని కోరే హక్కు 12వ సెక్షన్‌లో ఉంది.

అడగవలసింది ఎవరు?

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఒకటుంది. 18 ఏళ్లలోపు పిల్లల తరఫున తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ వయసు దాటిన కూతురి వివరాలకు హక్కుదారు ఆమే. కనుక అభ్యర్థన ఆమె పేరుతో, ఆమె సంతకంతో వెళ్లడమే సరైన పద్ధతి. నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగాలి. తేదీ వేసి, ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. సమాధానం రాకపోతే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదును 90 రోజులకు మించకుండా పరిష్కరించాలని నియమాలు చెబుతున్నాయి. అక్కడ న్యాయం జరగకపోతే భారత డేటా పరిరక్షణ బోర్డును ఆశ్రయించవచ్చు. అయితే ఒకరి పేరుతో మరొకరు అడగడం, కక్షతో అబద్ధపు ఫిర్యాదు చేయడం తప్పు. దానికి 10 వేల రూపాయల వరకు జరిమానా ఉంది.

జవాబు చెప్పవలసినవారికి

మనలో ఎంతోమంది అవతలి వైపు కూడా ఉన్నాము. పాఠశాల, క్లినిక్, ఉమ్రా ట్రావెల్స్, వివాహ సంస్థ నడుపుతున్నవారి దగ్గర వందల కుటుంబాల పాస్‌పోర్టు ప్రతులు, ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అలాంటివారు ఈ పద్ధతి పాటించడం మేలు.

మొదట, అడిగినది అసలు మనిషేనా అని నిర్ధారించుకోవాలి. ఫోనులో ఎవరో "నేను ఫలానావారి అన్నయ్యను" అన్నంత మాత్రాన వివరాలు చెబితే, హక్కు నెరవేర్చబోయి అమానతును పోగొట్టినట్లవుతుంది. అలాగని గుర్తింపు పేరుతో అవసరం లేని పత్రాలు అడగరాదు. ముందే నమోదైన నంబరుకు మనమే ఫోను చేసి నిర్ధారించుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

రెండవది, వెతకడంలో నిజాయితీ. కార్యాలయ కంప్యూటరుతో ఆగకుండా ఉద్యోగుల ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు, ఈమెయిళ్లు కూడా చూడాలి. "ఏమీ లేదు" అనే మాట వెతికిన తర్వాతే చెప్పాలి.

మూడవది, ఒకరి జవాబులో మరొకరి గుట్టు బయటపడకూడదు. అమ్మాయి వివరాలు ఇచ్చేటప్పుడు, అదే పుటలో ఉన్న వేరే కుటుంబం ఫోన్ నంబరును కప్పివేయాలి.

చివరగా, జవాబు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఏ తేదీన ఏమి ఇచ్చారో రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడే ఉన్న హక్కులు

2027 వరకు చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు వైద్యులను ఆదేశిస్తున్నాయి. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మనకు తెలియకుండా మన పేరుతో ఎవరైనా అప్పు తీసుకున్నారేమో అందులో తెలుస్తుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఉన్న మన పిల్లలకైతే 2018 నుంచి మరింత బలమైన హక్కు ఉంది. అక్కడ సారాంశం మాత్రమే కాదు, వివరాల ప్రతినే అడగవచ్చు. సాధారణంగా ఒక నెలలో జవాబు ఇవ్వాలి.

చట్టం ఆగిన చోట

ఈ చట్టానికి ఒక హద్దు ఉంది. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు ఇది వర్తించదు. పిన్ని, మేనత్త, పక్కింటి ఆపా మంచి మనసుతోనే అమ్మాయి ఫోటోను పది గ్రూపుల్లో పంపితే, వారికి ఏ సెక్షన్ ప్రకారమూ లేఖ రాయలేము. సంబంధం కుదిరినా కుదరకపోయినా ఆ ఫోటో ఫోనులో అలాగే ఉండిపోతుంది.

ఈ రాత్రి మీ ఫోను తెరిచి చూడండి. ఎవరి కూతురి బయోడేటాయో, ఎవరి వైద్య నివేదికో అందులో ఉండవచ్చు. పని తీరినవాటిని తొలగించి, ఆ కుటుంబానికి ఫోను చేసి "మీ అమ్మాయి ఫోటో తీసేశాను, ఫలానా ఇద్దరికి పంపాను, వారికీ చెప్పాను" అనండి. అవతల ఒక తల్లి గుండె మీది బరువు దిగుతుంది.