టైమింగ్ చైను

టైమింగ్ చైను అనేది కారు ఇంజనులో క్రాంక్‌షాఫ్టు భ్రమణాన్ని కామ్‌షాఫ్టుకు అందించే ఉక్కు గొలుసు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. అందుచేత కామ్‌షాఫ్టు పళ్ళచక్రానికి క్రాంక్‌షాఫ్టు చక్రానికంటే రెట్టింపు పళ్ళు ఉంటాయి. ఈ పొందిక తప్పితే వాల్వులు సకాలంలో తెరుచుకోవు, మూసుకోవు.

జర్మనీకి చెందిన గ్లాస్ సంస్థ 1962లో తన 1004 కారుకు పళ్ళున్న రబ్బరు బెల్టును అమర్చింది. అంతవరకు కార్లలో ఈ పనికి ఎక్కువగా గొలుసులు, గేర్లే వాడేవారు. భారతదేశంలో అంబాసిడర్ కారు 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో గొలుసు ఉండేది. 1983లో వచ్చిన మారుతి 800లో దాని స్థానంలో బెల్టు ఉంది.

అరుగుదల

గొలుసు పాతబడినప్పుడు మెకానిక్కులు "చైను సాగింది" అంటారు. నిజానికి ఉక్కు సాగదు. ప్రతి లింకులోని పిన్నులు, బుష్షులు కొద్దికొద్దిగా అరగడం వలన మొత్తం పొడవు పెరుగుతుంది. అప్పుడు కామ్‌షాఫ్టు వెనుకబడుతుంది. డిస్ట్రిబ్యూటరు కూడా కామ్‌షాఫ్టు నుండే నడిచే ఇంజనులలో నిప్పురవ్వ సైతం ఆలస్యమవుతుంది. ఇంజను బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది కనుక యజమాని దీనిని గమనించడం అరుదు. బాగా వదులైన గొలుసు పళ్ళపై నుండి జారితే, కొన్ని ఇంజనులలో పిస్టన్లు వాల్వులకు తగిలి వాటిని వంచేస్తాయి.

ఈ అరుగుదలకు ప్రధాన కారణం మురికి నూనె. గొలుసు ఇంజను నూనెలోనే నడుస్తుంది. నూనెను సకాలంలో మార్చకపోతే అందులోని మసి, లోహపు రజను ఆకురాయివలె పనిచేస్తాయి. గొలుసును బిగువుగా ఉంచే టెన్షనరు అనేక ఇంజనులలో నూనె ఒత్తిడితోనే పనిచేస్తుంది.

1960, 70 దశకాలలో అనేక అమెరికన్ వి8 ఇంజనులలో చప్పుడు తగ్గించడానికి కామ్‌షాఫ్టు చక్రానికి నైలాన్ పళ్ళు పెట్టారు. వేడికి పెళుసుబారిన ఆ పళ్ళు విరిగి నూనె తొట్టిలో పడి, పంపు జల్లెడకు అడ్డుపడేవి. చప్పుడు తగ్గినా, ఇది మంచి బేరం కాదు.

పరీక్ష

చల్లని ఇంజనును ప్రారంభించగానే ముందుభాగంలో గలగలమనే శబ్దం రావడం మొదటి సూచన. డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజనులో మూత తీసి, క్రాంక్‌షాఫ్టును పానాతో ఒక దిశలో తిప్పి, తరువాత నెమ్మదిగా వెనుకకు తిప్పాలి. రోటరు కదలడానికి ముందు క్రాంక్‌షాఫ్టు ఎన్ని డిగ్రీలు తిరిగిందో అదే గొలుసు వదులు. (డిస్ట్రిబ్యూటరు గేరు వదులు కూడా ఇందులో కలిసే ఉంటుంది.) ఇది 10 డిగ్రీలకు చేరితే సాధారణంగా గొలుసు మార్చవలసిందే.

మార్పిడి

అంబాసిడర్ వంటి కార్లలో రేడియేటరు, ఫ్యాను, క్రాంక్‌షాఫ్టు పుల్లీ తీసిన తరువాతనే గొలుసు కవరు ఊడుతుంది. రెండు చక్రాలపై గల గుర్తులు ఎదురెదురుగా వచ్చేటట్లు ఇంజనును తిప్పి, ఆపై చక్రాలను, గొలుసును కలిపి బయటకు లాగుతారు. కొత్త గొలుసును అరిగిన చక్రాలపై వేస్తే అది త్వరలోనే పాడవుతుంది. కాబట్టి చక్రాలు, టెన్షనరు, కవరులోని నూనె సీలు కూడా అప్పుడే మార్చడం మేలు. బిగించిన పిదప ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడాలి. ఈ పని చేయకుండా స్టార్టరు తిప్పరాదు.

పాత మెర్సిడెస్-బెంజ్ డీజిలు ఇంజనులలో పద్ధతి వేరు. అక్కడ ముందుభాగం విప్పనక్కరలేదు. పాత గొలుసులో ఒక లింకు తెంపి, కొత్త గొలుసు కొనను దానికి తగిలించి, క్రాంక్‌షాఫ్టును చేతితో తిప్పుతూ కొత్తదానిని లోపలికి పంపుతారు. ఆ సమయంలో గొలుసు వదులై ఒక్క పన్ను జారినా వాల్వుల కాలంతో పాటు, అదే గొలుసుతో నడిచే ఇంజెక్షన్ పంపు కాలం కూడా తప్పుతుంది. అందుకే ఈ పనికి ఇద్దరు మనుషులు ఉంటారు: ఒకరు ఇంజను తిప్పడానికి, మరొకరు గొలుసును చక్రంపై అదిమిపట్టడానికి.