ఒక్క బొమ్మ గురించి నిమిషం మాట్లాడగలరా?

క్యాంపస్ డ్రైవ్‌లో నాకో బొమ్మ చూపించి, దీని గురించి ఒక్క నిమిషం మాట్లాడమన్నారు. పొలంలో పనిచేస్తున్న జనం. ‘ఇదో పల్లెటూరు. రైతులు కష్టపడుతున్నారు’ అన్నాను. అంతే, పది సెకన్లకే నా స్టాక్ అయిపోయింది. చిన్నప్పట్నుంచీ వరికోతలు చూస్తూ పెరిగినవాణ్ని, మిగతా యాభై సెకన్లూ గోడవైపు చూస్తూ కూర్చున్నా. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా!

ఇలాంటి రౌండ్ మీకూ ఎదురుకావచ్చు. సైన్యంలో ఆఫీసర్ పోస్టులకు జరిగే ఎస్ఎస్‌బీలో మసకగా ఉన్న బొమ్మను 30 సెకన్లు చూపిస్తారు. అందులోని మనుషుల వయసు, మూడ్ గుర్తుపట్టి కథ రాయాలి.

ప్రాక్టీస్‌కి నేను చెప్పేది ఒకే పెయింటింగ్. పీటర్ బ్రూగల్ 1565లో వేసిన ‘ది హార్వెస్టర్స్’. ఆంట్‌వెర్ప్‌లోని ఓ వ్యాపారి కోసం, ఏడాదిలో మారే కాలాల మీద వేసిన వరుసలోది. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వాళ్ల సైట్‌లో పెద్ద సైజు ఫైల్ ఉచితమే. ఫోన్లోకి దించుకుని జూమ్ చేయండి.

పండిన గోధుమ చేను, సగం కోసేశారు. ‘కోతలు జరుగుతున్నాయి’ అని అక్కడే ఆగితే మీదీ నా కథే. ఎవరెవరు ఏం చేస్తున్నారో చూడండి. చెట్టు నీడన కొందరు రొట్టె తింటున్నారు. పక్కనే ఒకడు కాళ్లు బార్లా చాపి నిద్రపోయాడు. ఎడమవైపు వాళ్లు మాత్రం పొడవాటి కర్ర ఉన్న కొడవళ్లతో ఇంకా కోస్తూనే ఉన్నారు. అంటే అందరికీ ఒకేసారి విరామం దొరకలేదన్నమాట. చేను మధ్య బాటలో ఒకతను కూజాలు మోసుకొస్తున్నాడు. ఇంకో కూజాను పైరు చాటున, ఎండ తగలకుండా పెట్టారు. మన కూలీలు బిందెను గట్టు మీది చెట్టు కింద పెట్టుకోరూ, అచ్చం అలాగే! ఎండ తీవ్రత చెప్పడానికి ఆ కూజా ఒక్కటి చాలు. దూరంగా నీళ్లు, ఓడలు. అదంతా చివరి పది సెకన్లకి అట్టిపెట్టుకోండి.

ఇప్పుడు టైమర్ పెట్టి 30 సెకన్లు చూడండి. ఫోన్ బోర్లించి నిమిషంపాటు మాట్లాడి రికార్డ్ చేసుకోండి. తెలుగులో అయినా పర్లేదు, ఇంగ్లిష్ రేపు చూసుకోవచ్చు. మొదటిసారి నాకు 22 సెకన్లే వచ్చింది. చెట్టు కింద నిద్రపోయినవాడు అసలు గుర్తుకే రాలేదు.