వీథి అందరిది

హైదరాబాదు నగరమున మూసీనదికి ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్ అను పేట కలదు. 1857 మొదలు 1869 వరకు పాలించిన ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా ధాన్యపు వర్తకులకు ఇచ్చట స్థలమొసగెను. అందుచే ఈ పేటకు ఆయన పేరు నిలిచినది. నయాపూల్ వంతెన దాటినచో పత్తర్‌గట్టి మీదుగా చార్మినారు చేరవచ్చును. ఉస్మానియా ఆసుపత్రియు, 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును ఈ పేటలోనే ఉన్నవి. చెంతనే బేగంబజారు టోకు అంగళ్లు కలవు. రోగులు, వారి బంధువులు, చదువరులు, మూటలు మోయు హమాలీలు, తోపుడుబండ్లవారు, బస్సులు, ఆటోలు, లారీలు అందరును నడచునది ఆ కొద్దిపాటి వీథులలోనే.

ఇట్టి చోట వాహనముల వేగము ప్రాణములతో ముడిపడిన విషయము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 8 మీటర్లు సాగును. 60 కిలోమీటర్ల వేగమున పోవునది అదే సెకనులో 16 మీటర్లకు మించి సాగును. ముసలివాడు అడ్డువచ్చెనని చోదకుడు గ్రహించులోపలనే అంత దూరము గడచిపోవును. వేగము రెట్టింపైనచో బండిలోని గతిశక్తి నాలుగు రెట్లగును. సగటు వేగము 1 శాతము పెరిగినచో మరణకరమైన ప్రమాదముల అవకాశము 4 శాతము పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కావుననే 2020లో స్టాక్‌హోమున సమావేశమైన దేశములు, పాదచారులును వాహనములును కలిసి తిరుగు వీథులలో వేగము 30 కిలోమీటర్లకు మించరాదని ప్రకటించినవి.

వేగము తగ్గించుటకు ఉపాయములు పెక్కు కలవు. దారికి అడ్డముగా మిట్ట కట్టవచ్చును. జనులు దాటు చోటును కాలిబాట ఎత్తునకు లేపవచ్చును. మలుపులలో కాలిబాటను వెడల్పు చేసి దాటవలసిన దూరమును తగ్గించవచ్చును. నడుమ ఆగి నిలుచుటకు చిన్న తిన్నె కట్టవచ్చును. ఏ వీథికి ఏది తగునో నిర్ణయించుటయే కష్టము.

ఈ నిర్ణయమును ప్రజలే చేసికొనిన నేమగును? ప్రమాదము జరిగిన మరునాడు కొందరు కోపముతో మట్టియు రాళ్లును పోసి మిట్ట వేయుదురు. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో దీనికొక కొలత నిర్ణయించినది. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటదగిన మిట్ట 3.7 మీటర్ల వెడల్పును, 10 సెంటీమీటర్ల ఎత్తును కలిగి, గుండ్రముగా వాలవలెను. ఇరుకుగాను నిటారుగాను కట్టిన మిట్టపై ద్విచక్రవాహనములు బోర్లపడును. ఎముక విరిగిన రోగిని ఆసుపత్రికి తెచ్చు అంబులెన్సునకు అది నరకమే. రక్షణకై వేసినదే శిక్ష యగును.

అధికారులే చేసిన నేమగును? పటములో వీథి వెడల్పు కనబడును గాని, సరకు ఏ వేళ దిగునో, మందుల చీటి పట్టుకొని జనులు ఎచ్చట దాటుదురో కనబడదు. జనులు దాటు చోట ఇనుపకంచె వేసి, దూరమున దారి విడిచినచో వారు కంచె దూకియే పోవుదురు. కొలత ఇంజనీరుకు తెలియును; చోటు ప్రజలకు తెలియును. ఈ రెండును కలిసిననే పని చక్కబడును.

కలిసి పనిచేయు క్రమ మిది. మొదట ఇరుపక్షములవారును ఉదయము, మధ్యాహ్నము, రాత్రి ఆ వీథిలో కలిసి నడువవలెను. ఎన్ని బండ్లు పోయెనో, ఎందరు దాటిరో లెక్కించి వ్రాయవలెను. పిమ్మట సున్నపు గీతలతోను డ్రమ్ములతోను కొన్ని వారములు తాత్కాలికపు ఏర్పాటు చేసి చూడవలెను. మరల లెక్కించి, మేలు కనబడిననే సిమెంటుతో కట్టవలెను. నెదర్లాండ్సులోని డెల్ఫ్టు నగరమున 1960 దశకపు చివర నివాసులు తమ వీథులలో వాహనములు నెమ్మదించుటకు పూనుకొనిరి. 1976లో ఆ దేశ ప్రభుత్వము అట్టి వీథులకు చట్టమున స్థానమిచ్చినది.

మన చట్టములును ఇందుకు దారి చూపుచున్నవి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు గాని అంతకు మించి గాని జనాభా గల పురములలో వార్డు కమిటీలుండవలెనని విధించినది. 2014 నాటి వీథివర్తకుల చట్టము, పట్టణ వర్తక కమిటీలో 40 శాతమునకు తక్కువ గాకుండ సభ్యులు వీథివర్తకులే ఎన్నుకొనిన తమ ప్రతినిధులై యుండవలెననియు, వారిలో మూడవ వంతు స్త్రీలుండవలెననియు చెప్పుచున్నది. కాలిబాట విశాలము చేయునెపమున బండివాని కూడు తీసివేయరాదు. వానికి చోటు చూపియే వీథి దిద్దవలెను.

ఐనను ఒక చిక్కు మిగులును. అఫ్జల్‌గంజ్ వీథులలో నడచువారిలో అనేకులు ఆ పేట నివాసులు కారు. పల్లెనుండి రోగిని తెచ్చిన తల్లికి ఆ వార్డులో వోటు లేదు. సభకు ఆమెను పిలుచువారును లేరు. కాని దారి దాటునపుడు అందరికన్న ఎక్కువ తొట్రుపడునది ఆమెయే. కావున సభలో మాటలాడు పదిమందిని వినుట చాలదు. ఆసుపత్రి ద్వారమున నిలిచి, సభకు రాని వారిని కూడ అడిగి తెలిసికొనవలెను.

బాలలారా, ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. మీ పాఠశాల విడిచినవేళ ద్వారముకడ ఒక గంట నిలిచి, దాటువారిని, ఆగు బండ్లను, ఆగని బండ్లను లెక్కింపుడు. ఆ కాగితమును ఉపాధ్యాయునిద్వారా నగరపాలకులకు అందజేయుడు. మొరకన్న లెక్కకు బలమెక్కువ. వీథిలో అందరికన్న మెల్లగా నడచువాడు నిర్భయముగా దాటగలిగిన నాడే ఆ వీథి అందరిదని చెప్పదగును.