మాట రాని బిడ్డ, మాట పడిన తల్లి

వానలు తప్పిన ఏడు పెద్దకడుబూరు చుట్టుప్రక్కల పల్లెలు సుగ్గిబాట పట్టును. ఇండ్లకు తాళములు పడును. పిల్లాజెల్లలతో కుటుంబములు గుంటూరు మిరపచేలకు తరలిపోవును. అట్టి ఇంట మూడేండ్ల బిడ్డ ఒకడున్నాడనుకొందము. పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు. కావలసిన వస్తువును వ్రేలితో చూపక తల్లి చేయి పట్టి లాగును. బొమ్మబండిని నడపడు, దాని చక్రమునే గంటల తరబడి త్రిప్పును. “వాని మేనమామకు కూడా మాటలు ఆలస్యమేలే” అని అవ్వ అనును. “తల్లి పట్టించుకోక పిల్లోడు ఇట్లయినాడు” అని ఇరుగుపొరుగందురు. మొదటి మాటతో కాలము పోవును; రెండవ మాటతో తల్లి క్రుంగిపోవును.

ఈ రెండవ మాటను పల్లెల అజ్ఞానమని త్రోసివేయరాదు. అది పెద్ద చదువుల నోటను పలికినదే. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, నేడు ఆటిజము అనబడు స్థితిని వర్ణించెను. ఇది పుట్టుకతో వచ్చినదని అతడే వ్రాసెను. ఆ తలిదండ్రులలో ఆప్యాయత తక్కువయనియు అతడే వ్రాసెను. లోకము మొదటిదానిని మరచి రెండవదానిని పట్టుకొన్నది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ నిందను ఖండించుచు గ్రంథము వెలువరించెను. అతని కుమారునకును ఆటిజమే. 1977లో బ్రిటన్‌లో 21 కవల జంటలను పరీక్షించిరి. ఒకే అండమున పుట్టిన 11 జంటలలో నాలుగింట ఇద్దరికిని ఆటిజము కనబడెను. వేరు అండముల 10 జంటలలో ఒక్కదానియందును అట్లు కనబడలేదు. కారణము పెంపకములో లేదు, పుట్టుకలో ఉన్నదని తేలుటకు అది నాంది.

మరి మందేది? ఆటిజమును పోగొట్టు మందు లేదు. ఉన్నదని సొమ్ము గుంజువారిని నమ్మరాదు. మూర్ఛలు, నిద్రలేమి వంటి తోడి బాధలకు మాత్రము ఔషధములు కలవు. ముందుగా వినికిడి పరీక్ష చేయింపవలెను. చెవుడును ఆటిజమని పొరపడుట కద్దు. నిర్ధారణకై సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 40 అంశముల కొలమానమును రూపొందించెను. అది 2009లో వెలువడెను. 2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యముగా గుర్తించినది.

చికిత్స యనగా ప్రధానముగా బోధనయే. గోవాలోను, రావల్పిండిలోను 65 మంది పిల్లలపై జరిగి 2016లో ప్రకటితమైన పరిశోధన మన పల్లెలకు ఆశ కల్పించునది. అక్కడ తలిదండ్రులకు నేర్పినవారు నిపుణులు కారు, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు. బిడ్డ చూపును అనుసరించుట, వాడు ఆడుదానితోనే ఆడుట, చిన్న మాటలు పలికి బదులుకై ఆగుట నేర్పిరి. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులను పలుకరించుట పెరిగెను.

బడిలో ఉపాధ్యాయుడు చేయదగినదియు ఇట్టిదే. గంట మ్రోగిన చెవులు మూసికొను పిల్లవానికి ముందే చెప్పవలెను. కూర్చొను చోటు మార్చరాదు. ప్రార్థన, పాఠము, అన్నము, ఆట, ఇల్లు, ఈ వరుసను బొమ్మలుగా గీసి గోడకు అంటింపవలెను. అడిగిన ప్రశ్ననే వాడు తిరిగి పలికిన అది ఎగతాళి కాదు.

వరుస తప్పుట ఇట్టి పిల్లలకు మహా సంకటము. సుగ్గి యనగా వరుస తప్పుటయే. కూలికి పోవద్దని తల్లితో అనజాలము. వాని కంచము, దుప్పటి, గోడమీది బొమ్మల నకలు మూటలో పెట్టుకొనుమని అనవచ్చును. బిడ్డ దేనికి బెదరునో, దేనితో ఊరట పొందునో పంతులు ఒక కాగితముపై వ్రాసి యిచ్చిన, గుంటూరు చేల దగ్గరి బడిలో మరియొక పంతులు దానిని చదువుకొనును.