జ్ఞాపకానికి కాపలా ఎవరు?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే బోర్డులే బోర్డులు. డేటాను ఎలా భద్రపరచాలో, పోయినదాన్ని ఎలా రాబట్టాలో అన్నీ నేర్పుతామంటాయి. అక్కడి నుంచి పంజగుట్ట వైపు కాస్త నడిస్తే మా చర్చి. చుట్టూ ఇంత చదువు ఉన్నా మేము ఒక్క పేరును దాచుకోలేకపోయాం. సిగ్గుపడుతూనే ఈ సంగతి చెబుతున్నాం.

1971 యుద్ధానికి యాభై ఏళ్లయిన సందర్భంగా దేశం స్వర్ణిమ్ విజయ్ వర్ష్ జరుపుకుంది. 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం వద్ద వెలిగించిన నాలుగు విజయజ్వాలలు నాలుగు దిక్కులకూ బయలుదేరాయి. 2021 ఫిబ్రవరిలో తిరుపతిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి, మహావీరచక్ర గ్రహీత మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ ఇంటికి వెళ్లి ఆయనను సత్కరించారు. వీరుల గ్రామాల మట్టిని ఢిల్లీకి చేర్చారు. సరిగ్గా ఏడాదికి ఆ నాలుగు జ్వాలలూ స్మారకంలోని అఖండజ్యోతిలో కలిశాయి.

ఆ డిసెంబరులో మేము కూడా ఒక ఆదివారం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. మా సంఘంలో ఆ యుద్ధంలో పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. ఫ్లెక్సీ కట్టాం, శాలువా కప్పాం. యువకులు ఆయన సాక్ష్యాన్ని సెల్‌ఫోన్‌లో రికార్డు చేశారు. ఆయన తుపాకుల గురించి ఎక్కువ చెప్పలేదు. యుద్ధం ముగిశాక సుమారు 93 వేల మంది మన దేశంలో బందీలుగా ఉన్నారు. వాళ్ల శిబిరాల్లో ఒకచోట ఆయన కాపలా కాశారు. అక్కడ మీసాలు కూడా సరిగా రాని ఒక బందీ కుర్రాడు రాత్రిళ్లు తల్లిని తలచుకుని ఏడ్చేవాడట. "శత్రువే గానీ, వాడికీ అమ్మ ఉంది కదా పాస్టర్ గారూ! ఆనాటి నుంచి ప్రతి రాత్రీ వాడి పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నా" అన్నారు. సండేస్కూలు పాప ఒకతె లేచి "తాతగారూ, ఆ అన్న పేరేంటి?" అని అడిగింది. ఆయన చెప్పారు. అందరం విన్నాం. చప్పట్లు కొట్టాం. భోజనాలకు లేచాం.

2024లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లారు. సమాధి కార్యక్రమమైన వారానికి వాళ్లావిడ మా దగ్గరికి వచ్చి అడిగిందొక్కటే. "అయ్యగారూ, ఆ అబ్బాయి పేరు నాకు నోరు తిరిగేది కాదు. ఆయన లేరు కదా, ఇక నుంచి నేను చేద్దామనుకుంటున్నాను ఆ ప్రార్థన. ఆ రికార్డు ఒకసారి వినిపిస్తారా?"

రికార్డు చేసిన అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. ఆ ఫోను ఎప్పుడో మార్చేశాడు. కాపీ చేసిన పెన్‌డ్రైవ్ చర్చి బీరువాలో పాత పాటల పుస్తకాల కింద దొరికింది. అమీర్‌పేటలో షాపుకు తీసుకెళ్తే "ఇది ఓపెన్ కావట్లేదు సార్" అన్నారు. ఆనాడు విన్న వాళ్లందరినీ అడిగాం. కథ అందరికీ గుర్తుంది, పేరు ఎవరికీ గుర్తులేదు. ప్రశ్న అడిగిన పాపకు కూడా!

యోషీయా రాజు కాలంలోనూ ఇలాగే జరిగింది (2 రాజులు 22). ధర్మశాస్త్ర గ్రంథం పోయింది. ఎక్కడ పోయింది? మందిరంలోనే! దాన్ని శత్రువులెవరూ ఎత్తుకుపోలేదు. మందిరం బాగుచేసేటప్పుడు యాజకుడైన హిల్కీయాకు అది కనబడేదాకా, అది లేదన్న సంగతే ఎవరికీ పట్టలేదు. మా పెన్‌డ్రైవ్ కూడా మందిరంలోనే ఉంది. భద్రంగా ఉందనుకున్నాం. ఎవరమూ తీసి చూడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు. వారిలో పంజాబ్‌కు చెందిన సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలున్న రిజిస్టర్లు 97 ఏళ్లు లాహోర్ మ్యూజియంలో ఎవరూ తెరవకుండా ఉండిపోయాయి. యుద్ధ శతాబ్ది సందర్భంలో పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లాకే వాటిలో తొలి విడతగా 45 వేల మంది వివరాలు 2021 నవంబరులో ప్రజలకు అందాయి. అవి కాగితం మీద ఉన్నాయి గనుక ఆలస్యమైనా దొరికాయి. మన ఫోన్లలో ఉన్నవాటికి ఆపాటి ఆయుష్షు ఉందా?

యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు (యెహోషువ 4). అయితే అక్కడ ఆజ్ఞ ఒక్కటి కాదు, రెండు. రాళ్లు నిలబెట్టాలి, రేపు పిల్లలు ఆ రాళ్లేమిటని అడిగితే జవాబు చెప్పాలి. 1971 విజయానికి పాతికేళ్లయిన గుర్తుగా 1996లో విశాఖ సాగరతీరంలో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం కట్టారు. వెళ్లిన వాళ్లంతా దాని ముందు ఫొటో దిగుతారు. "ఇదేంటి నాన్నా?" అని బిడ్డ అడిగినప్పుడు తండ్రి దగ్గర జవాబు ఉంటేనే అది స్మారకం. లేకపోతే అది వట్టి రాయి.

యుద్ధాన్ని తలచుకోవడమంటే యుద్ధాన్ని ప్రేమించడం కాదు. ఆ పెద్దాయన జ్ఞాపకంలో విజయం కన్నా శత్రువు బిడ్డ కన్నీరే ఎక్కువ తడిగా ఉంది. ప్రభువు కొండమీద శత్రువుల గురించి చెప్పిన మాటను ఆయన యాభై ఏళ్లు ప్రతి రాత్రీ చేసి చూపించారు. అటువంటి జ్ఞాపకం పోయిందంటే పోయింది ఒక్క పేరే కాదు, పిల్లలకు క్షమాపణ నేర్పే ఒక పాఠం కూడా.

మరి ఏం చేయాలి? యిర్మీయాను చూడండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా ఆయన అనాతోతులో పొలం కొన్నాడు. ఆ క్రయపత్రాలు చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమని బారూకుకు అప్పగించాడు (యిర్మీయా 32). పత్రం ఉంది, దానికి తగిన పాత్ర ఉంది, బాధ్యత తీసుకునే మనిషి ఉన్నాడు. మా దగ్గర మొదటిదొక్కటే ఉంది. పండుగ చేయడానికి కమిటీ వేశాం, దాచడానికి ఒక్క మనిషినీ నియమించలేదు.

ఇప్పుడు మా చర్చిలో ఒక పెద్ద నోటుపుస్తకం ఉంది. సంఘంలోని వృద్ధులు చెప్పిన సంగతులను యువతులిద్దరు చేత్తో రాస్తున్నారు. ప్రతి పేరునూ చెప్పినవారికి చదివి వినిపించి సరిచూసుకుంటున్నారు. రికార్డింగులు మూడు చోట్ల ఉంచుతున్నాం. ఏటా డిసెంబరులో ఒక ఆదివారం వాటిని తెరిచి అందరికీ వినిపించాలని, కాపలా బాధ్యత ఎవరిదో ఆరోజే పేరు పెట్టి ప్రకటించాలని తీర్మానించుకున్నాం. పెద్ద ఖర్చేమీ కాలేదు. ముందే చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తల్లి ఇప్పటికీ ప్రతి రాత్రీ మోకాళ్లూనుతోంది. "ప్రభువా, ఆయన నీకు చెప్పిన ఆ బిడ్డ" అంటుందట, అంతే. తన ప్రజలను అరచేతుల మీద చెక్కుకున్నానన్న దేవుడు (యెషయా 49:16) ఆ పేరును మరచిపోలేదని మా విశ్వాసం. కానీ ఆయన మరచిపోడన్నది మన నిర్లక్ష్యానికి సాకు కాకూడదు. మీ ఇంట్లోనూ పాత ట్రంకుపెట్టెలో ఒక పతకమో, ఒక ఉత్తరమో, గోడకు పేరు రాయని ఒక ఫొటోనో ఉండే ఉంటుంది. దాని కథ తెలిసిన వాళ్లు ఇంకా మీ మధ్య ఉన్నారా? అయితే ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి. పేర్లు అడగండి, రాసుకోండి.