ఐదెకరాల పసుపు కుంకుమ

వరకట్న మరణం కేసు కోర్టులో ఎలా రుజువవుతుందో కర్నూలు, కడప జిల్లాల పాఠకులకు అర్థమయ్యేలా రాయమన్నారు ఎడిటరు గారు. గడువు బుధవారం. సెక్షన్లు పోగేద్దామని కూర్చుంటే 2002 అక్టోబరు 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చేతికి తగిలింది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

కేసు ఆంధ్రప్రదేశ్‌దే. 1988లో పెళ్లి. కూతురికి తండ్రి ఐదెకరాల పొలం, ఇంటి స్థలం రాసిచ్చాడు. దస్తావేజులో ‘పసుపు కుంకుమ’ అని రాయించాడు. ఇంగ్లీషు తీర్పులో ఆ తెలుగు మాట అలాగే ఉంది. అల్లుడు బ్రాంచ్ పోస్ట్‌మాస్టరు. పొలం తన పేరున మార్చమని వేధింపులు మొదలుపెట్టాడు. భార్యకొచ్చిన ఉత్తరాలు ఆమెకివ్వకుండా దాచేవాడు. ఊరికంతా ఉత్తరాలు చేర్చాల్సిన మనిషి! ఒకరోజు అవి ఆమె కంటబడితే తీసుకెళ్లి తండ్రికిచ్చింది. మళ్లీ తెచ్చిస్తేనే గడప తొక్కనిస్తామని అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. 1989 అక్టోబరులో విషం తాగింది. పెళ్లయి పదహారు నెలలు కూడా కాలేదు.

ఏడేళ్లలోపు మరణం, అదీ అసహజం, వేధింపు ఉంది. ఐపీసీ 304బి కింద వరకట్న మరణమని తేలాలంటే ఇక కావలసింది ఆ వేధింపు కట్నం కోసమేనన్న రుజువు. కేసు అక్కడే జారింది. పొలం కట్నంగా ఒప్పుకున్నది కాదు, తండ్రి ప్రేమతో ఇచ్చిన స్త్రీధనం. దాన్ని తన పేరున మార్చమనడం కట్నం అడగడం కాదన్నారు జడ్జీలు. కింది కోర్టు భార్యను హింసించడమనే 498ఎ వరకే శిక్ష వేసింది. సుప్రీంకోర్టు కూడా 304బి వర్తించదంటూనే, ఆత్మహత్యకు పురికొల్పాడని 306 కింద ఐదేళ్లు వేసింది. ఆ అభియోగం విడిగా మోపకపోయినా, అందుకు కావలసిన సంగతులన్నీ ఉన్న అభియోగంలోనే ఉన్నాయంది. 304బి నిలిచుంటే ఏడేళ్లకు తగ్గేది కాదు.

నాకు మింగుడుపడనిది శిక్ష కాదు, మాట. కట్నం అనడానికి నోరు రాక లాంఛనాలంటాం, సారె అంటాం, పసుపు కుంకుమంటాం. పెళ్లి పందిట్లో మర్యాద కోసం వాడిన మాట కోర్టులో తండ్రికే అడ్డం తిరిగింది.

సీమలో ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ‘బోరు ఎండిపాయ, ఇంకోటి ఏపీయాల, మీ నాయన్నడిగి తేపో’ అంటే అది కట్నమా, చేబదులా? 2007లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మహారాష్ట్ర కేసులో ఇంటి ఖర్చులకు, ఎరువులకు డబ్బు అడిగితే కట్నం కాదన్నారు. 2015లో ముగ్గురు జడ్జీలు ఆ మాట సరికాదన్నారు. ఇల్లు కట్టుకోవడానికి అడిగినా కట్నమేనని 2022లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం తేల్చింది. ఇప్పుడైతే బోరు డబ్బు మీద వాదించడానికి దారుంది. కానీ అడిగినట్టు చెప్పేదెవరు? పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు బోనెక్కేసరికి ‘మాకేం తెల్దు’ అంటే తండ్రి ఒంటరివాడే.

చరిత్ర రెండు ముక్కల్లో: 1961లో వరకట్న నిషేధ చట్టం, 1983లో 498ఎ, 1986లో 304బి, దానితోపాటే, మూల సంగతులు రుజువైతే నేరం చేసినట్టే భావించాలనే సాక్ష్య చట్టం 113బి. 2024 జూలై 1 నుంచి 304బి, 113బిల చోట భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 80, భారతీయ సాక్ష్య అధినియమంలో 118.

‘కాస్త ముందు’ అంటే?
చావుకు కాస్త ముందు వేధించినట్టు చూపాలంటుంది చట్టం. అంటే ముందురోజేనా? కాదు, వేధింపుకూ చావుకూ మధ్య తెగని లంకె ఉంటే చాలని 2021 మే 28న రమణ ధర్మాసనమే చెప్పింది.

శవ పంచనామా
పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోతే మన దగ్గర మామూలుగా తహసీల్దారే వచ్చి పంచనామా చేస్తాడు. తల్లిదండ్రుల మొదటి మాటలు కాగితం మీదికెక్కేది అప్పుడే. కూతురి శవం పక్కన కూర్చున్న తల్లికి ఎప్పుడడిగారో, ఎంతడిగారో ఏం గుర్తొస్తుంది? అప్పుడు చెప్పని తేదీని ఏళ్ల తర్వాత బోనులో చెబితే, ముద్దాయి వకీలు వేసే మొదటి ప్రశ్న: ‘ఈ మాట ఆరోజు తహసీల్దారుకు చెప్పినావా?’