బండి అదురు: వేగవంతమైన కార్లలో డ్రైవ్‌లైన్ కంపనాల నిర్ధారణ – వాడుక మాటల ఆధారం

ప్రస్తావన

అదురు, వణుకు, కుదుపు, ఊగు, కొట్టుకొను – ఈ మాటలను నిఘంటువులు దాదాపు పర్యాయాలుగా చూపినా, వాటిని పలికే వ్యక్తి అనుభవంలో అవి ఒకటి కావు. వణుకు సన్ననిది, వేగమైనది. ఊగడం నిదానమైనది, లెక్కపెట్టదగినది. కుదుపు ఒక్కసారి వచ్చి ఆగేది. వృత్తిలో మాట ఎంత సూక్ష్మమైన భేదాన్ని మోయగలదో 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటం మనకు చూపింది. అదే దృష్టిని మోటారు మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్ళి, వేగంగా నడిచే కారులో పుట్టే కంపనాన్ని ఎలా నిర్ధారిస్తారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కావలి నుంచి నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటల మీదుగా చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి చాలా మేరకు చదును నేల మీద నడుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని చాలాసేపు నిలకడగా ఉంచగల దారి ఇది. ఇదే దారిలో, చెన్నైకి కాస్త ఉత్తరాన ఉన్న షోలవరం పాత విమానాల దారిపై ఒకప్పుడు మోటారు పందేలు జరిగేవి. ఊరిలో 40, 50 వేగంలో కనిపించని లోపం ఈ దారి ఎక్కగానే బయటపడుతుంది. యజమాని షెడ్డుకు వచ్చి "బండి అదురుతా ఉంది" అంటాడు. ఆ ఒక్క మాటతో పని మొదలుపెడితే చక్రాల బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, టైర్లు, చివరికి ఇంజిను మౌంటింగులు వరుసగా మారతాయి. డబ్బు పోతుంది, అదురు మిగులుతుంది. కొన్ని సందర్భాల్లో మిగిలిన ఆ అదురే ప్రాణాపాయం.

లోపానికి వేగమెందుకు కావాలి?

తిరిగే వస్తువులో బరువు ఒక వైపు ఎక్కువైతే అది బయటికి లాగే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 18 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దాని లాగుడు ఒకటిన్నర కిలోల బరువుకు లోపే. 100 వేగంలో అది నాలుగింతలై 5 కిలోలు దాటుతుంది, అదీ సెకనుకు పద్నాలుగు సార్లు దిక్కు మార్చుకుంటూ. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వరిచేల నడుమ, చెరువు గట్ల మీద తిరిగిన కారు రిమ్ము లోపలి వైపు బురద అంటి ఎండితే ఈ 30 గ్రాములు చేరడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. ఖరీదైన పరీక్షలకు ముందు నీళ్ళ పైపుతో రిమ్ము లోపల కడగమనే పాత మెకానిక్కు సలహా అందుకే శాస్త్రీయమైనది.

దేని అదురు దానిదే

వెనుక చక్రాలు లాగే ఒక కారును తీసుకుందాం. టైరు ఒక చుట్టుకు 2 మీటర్లు నడుస్తుందనీ, డిఫరెన్షియల్ నిష్పత్తి 3.5 అనీ, పై గేరు నిష్పత్తి 0.82 అనీ అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు 49 సార్లు, ఇంజిను 40 సార్లు, అంటే నిమిషానికి 2,400 చుట్లు. షాఫ్టు చివరలనుండే యూనివర్సల్ జాయింటు – మన షెడ్లలో 'క్రాస్' అనేది – షాఫ్టు ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు అదురు పుట్టిస్తుంది కనుక దాని సంఖ్య 97.

ఈ సంఖ్యలు మళ్ళీ మాటల దగ్గరకే తెస్తాయి. సెకనుకు 14 అంటే చేతికి విడివిడిగా తెలిసే ఊపు. స్టీరింగు 'కొట్టుకుంటోంది' అనేది సాధారణంగా దీనినే, అందులోనూ ముందు చక్రాలను. 49 అంటే సీటు కింద, నేల పలకలో తెలిసే సన్నని వణుకు. 97 వణుకుగా కన్నా మూలుగుగా చెవికి అందుతుంది. యజమాని ఏ క్రియను వాడాడో శ్రద్ధగా విన్న మెకానిక్కుకు సగం దారి తెలిసినట్టే.

ఇప్పుడు ఫోనులోని యాప్‌లు కంపనాన్ని కొలిచి పట్టిక గీస్తున్నాయి. ఉపయోగకరమే, కానీ ఒక మోసం ఉంది. ఫోను సెకనుకు 100 సార్లు మాత్రమే కొలుస్తుంటే 50కి పైబడిన కంపనాన్ని అది సరిగా చూపలేదు. 97 సంఖ్య గల క్రాస్ అదురు ఆ పట్టికలో 3గా కనిపించవచ్చు. దానిని నమ్మి సస్పెన్షను విప్పితే వృథా.

మూడు ప్రశ్నలు

పరీక్షలో మొదటి ప్రశ్న: రోడ్డు వేగాన్ని మార్చకుండా గేరు మారిస్తే అదురు మారిందా? మారితే ఇంజిను వైపు చూడాలి. మారకపోతే గేరుబాక్సు తరువాతి భాగాలను. నిష్పత్తి సరిగ్గా 1 ఉన్న గేరులో ఇంజిను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి కనుక ఆ గేరులో ఈ రెండింటినీ విడదీయలేము. ఈ చిన్న విషయం చాలామంది మరుస్తారు.

రెండోది: కాలు ఎత్తితే తగ్గిందా? యాక్సిలరేటరు తొక్కినప్పుడే వచ్చి, వదిలితే పోయే అదురు బరువు తేడా వల్ల వచ్చింది కాదు. క్రాస్ అరుగుదలో, షాఫ్టు కోణమో, ముందు చక్రాలు లాగే కారులోనైతే ఇరుసు లోపలి జాయింటో కారణం. ఇక్కడ కాస్త ఆగాలి. కోణంలో తిరిగే క్రాస్ తన అవతలి భాగాన్ని ఏకరీతి వేగంతో తిప్పదు. 10 డిగ్రీల కోణంలో వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు ఒకటిన్నర శాతం మేరకు పెరిగి తగ్గుతుంది. రెండో చివర క్రాస్ అదే కోణంలో, సరైన వరుసలో ఉంటే ఆ హెచ్చుతగ్గులు రద్దవుతాయి. అందం కోసం కారును కిందికి దించిన వారు ఈ సమతను తెలియకుండానే చెడగొడతారు. షాఫ్టు విప్పేముందు సుద్దతోనో పంచ్‌తోనో గుర్తు పెట్టకపోయినా జరిగేది ఇదే: ఒక పన్ను తేడాగా బిగిస్తే కొత్త క్రాస్‌లు వేసినా అదురు పోదు.

మూడోది: ఎంత దూరానికి? నెలల తరబడి షెడ్డులో నిలిపిన కారు టైర్లు నేలకు తగిలినచోట చదునవుతాయి. పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కాక తగ్గే అదురు ఎక్కువగా ఇదే. దానికి షాఫ్టు విప్పనక్కరలేదు.

తీరప్రాంతపు అదనపు కారణం

మైపాడు, కృష్ణపట్నం వంటి చోట్ల ఉప్పుగాలి ఇనుమును ఊరకే ఉండనీయదు. క్రాస్ కప్పుల సీలు చెడితే లోపలి సూది బేరింగులకు గ్రీజు పోయి తేమ చేరుతుంది, తుప్పు ఎర్రని పొడిగా కప్పు చుట్టూ కనిపిస్తుంది. కారును లిఫ్టు మీదకెత్తి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పినప్పుడు క్రాస్ దగ్గర కాస్త 'ఆడినా', ఆ పొడి కనిపించినా, లెక్కలన్నీ పక్కన పెట్టి దానిని మార్చడమే సరైనది. వేగంలో క్రాస్ విరిగి ముందు చివర ఊడిన షాఫ్టు రోడ్డుకు గుచ్చుకుంటే కారు అదుపులో ఉండదు. టైరు మార్చిన వెంటనే మొదలై రోజురోజుకూ పెరిగే అదురు కూడా అటువంటిదే. చక్రపు నట్లు వదులై ఉండవచ్చు. దానికి రహదారి పరీక్ష పనికిరాదు, బండిని అక్కడే ఆపి చూడాలి. గుంతలో పడ్డాక సన్నని గోడ గల టైరు పక్కన బొబ్బ లేచినా అంతే.

ఇక షెడ్డులో యజమాని చెప్పవలసిన వాక్యం "బండి అదురుతా ఉంది" కన్నా కొంచెం పొడవుగా ఉండాలి: "తొంభై దాటితే సీటు కింద వణుకుతుంది, గేరు మార్చినా మారదు, కాలు ఎత్తితే పోతుంది." ఈ వాక్యం విన్న మెకానిక్కు బ్యాలెన్సింగు యంత్రం వైపు నడవడు, మొదట షాఫ్టు కిందికి దూరతాడు.